మందులు వేసుకుంటున్నా ఆ ఆలోచన మళ్లీ వస్తోంది

ప్రశ్న: నా వయసు 36. ఇరవై నాలుగో ఏట నాకు బైపోలార్ డిజార్డర్ ఉందని తేల్చారు. పన్నెండేళ్లుగా మందులు మానలేదు. రెండుసార్లు ఆస్పత్రిలో ఉండి వచ్చాను. ఉద్యోగం చేసుకుంటున్నాను, అక్కా బావల దగ్గర ఉంటున్నాను. నాకు పూర్తిగా నయమైందనే అందరూ అనుకుంటున్నారు. కాని ఏడాదిలో మూడు నాలుగుసార్లు, పైకి కనిపించే కారణమేదీ లేకుండానే, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చి కొన్ని రోజులు వదలదు. ఇంతవరకు ఏ ప్రయత్నమూ చేయలేదు. అక్కకు చెబితే కుంగిపోతుందని చెప్పలేదు. ఇప్పటికే వాళ్లకు భారమయ్యానని అనిపిస్తుంది. ఇన్నేళ్ల వైద్యం తర్వాత కూడా ఇలా ఉందంటే నేనే పిరికివాడినేమో. మనోధైర్యం పెంచుకోవడం ఎలా? జీవితాంతం ఇంతేనా?

సమాధానం: అన్నిటికంటే ముందు ఒక మాట. ఇది మీ కంటబడే వేళకు ఆ ఆలోచన మళ్లీ వచ్చి ఉండి, ఎప్పుడు, ఎలా అనేంత వరకు వెళ్లి ఉంటే, మిగతాది తర్వాత చదవవచ్చు. ముందు అక్కను పిలవండి, రాత్రి ఎంతైనా సరే లేపండి. మీ సైకియాట్రిస్టుకు ఫోన్ చేయండి, ఆయన అందకపోతే దగ్గరలోని ఆస్పత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, ఒంటరిగా మాత్రం ఉండకండి. భారతదేశంలో ఉన్నవారు 14416 నంబరుకు చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ సిబ్బంది ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడతారు. అమెరికాలో ఉన్నవారికి 988, బ్రిటన్‌లో ఉన్నవారికి 116 123 ఇటువంటి నంబర్లే.

ఇక మీ ప్రశ్న. మీరు రాసిన వాటన్నిటిలో ‘పిరికివాడినేమో’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పన్నెండేళ్లపాటు మందు మానకుండా, రెండుసార్లు ఆస్పత్రి నుంచి తిరిగివచ్చి మళ్లీ తన పనిలో తాను కూర్చున్న మనిషి ఆ మాట అనుకుంటున్నాడంటే, అది ఆయన గుణాన్ని గురించి చెప్పే మాట కాదు, కుంగుబాటు ఆయన చేత అనిపిస్తున్న మాట. బైపోలార్ అంటే మనసు కొంతకాలం అదుపులేని ఉద్రేకంలోకి, కొంతకాలం కుంగుబాటులోకి మారుతూ ఉండే జబ్బు. అది ఉన్నవారిలో చాలామందికి ఉద్రేక దశలకన్నా కుంగుబాటు దశలే ఎక్కువకాలం ఉంటాయి. ఒకసారి కుంగుబాటులో చావు ఆలోచన వచ్చినవారికి, మరోసారి కుంగినప్పుడు మిగతా లక్షణాలు కొంత అటూ ఇటూ మారినా, ఆ ఆలోచన మాత్రం తిరిగి రావడం ఎక్కువగా కనిపిస్తుంది. నడిచి నడిచి పొలంలో కాలిబాట పడినట్టు మనసులో ఆ దారి పడిపోయి ఉంటుంది. అందువల్ల రెండు రోజులు నిద్ర సరిగా లేకపోయినా, ఎవరో ముభావంగా మాట్లాడినా, మనసు ఆ కాస్త దిగుడుకే అలవాటైన దారిలోకి జారిపోతుంది. ‘కారణమేదీ లేకుండానే’ అని మీరు రాశారు కదా, కారణం లేదని కాదు, ఆ దారిలోకి దిగడానికి ఇప్పుడు పెద్ద కారణం అక్కర్లేకుండా పోయిందని దాని అర్థం.

కాబట్టి మనోధైర్యం అనే మాటను కొంచెం పక్కన పెడదాం. ఆ మాట వినగానే గుండె రాయి చేసుకుని పళ్లు బిగించి నిలబడే మనిషి గుర్తొస్తాడు. అలా నిలబడలేనప్పుడు తప్పంతా తనదేననిపిస్తుంది. దీర్ఘకాలపు మానసిక వ్యాధితో బతుకుతున్న వాళ్లలో చూసినదాన్నిబట్టి నేను చెప్పగలిగింది ఏమిటంటే, వాళ్లను కష్టకాలం దాటించినవి ఆ ఘడియలో పుట్టుకొచ్చిన ధైర్యసాహసాలు కావు, బాగున్న రోజుల్లో నెమ్మదిగా కూర్చుని చేసుకున్న ఏర్పాట్లు. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారికి ఆలోచించే శక్తే తగ్గిపోతుంది. ఆ సమయంలో కొత్తగా ఉపాయం కనిపెట్టమంటే ఎవరి వల్లా కాదు. అంతకుముందే కనిపెట్టి ఉంచినదాన్ని చేయడం మాత్రం చాలాసార్లు సాధ్యమవుతుంది. ఇది నేర్చుకోగల విద్య అని నిరూపించిన వారిలో అమెరికన్ మనస్తత్వవేత్త మార్షా లినెహాన్ ఒకరు. తీవ్రమైన ఆత్మహత్య ఆలోచనలు పదేపదే వచ్చేవారికోసం ఆమె రూపొందించిన, తీవ్రమైన భావోద్వేగాలను తట్టుకునే నేర్పులు నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఫలితాలు 1991లో తొలిసారి వెలువడ్డాయి. తాను కూడా పడుచుతనంలో రెండేళ్లకు పైగా మానసిక ఆస్పత్రిలో గడిపిన మనిషినేనని ఆమె బహిరంగంగా చెప్పింది 2011లో, అంటే ఇరవై ఏళ్ల తర్వాత. అంతటి మనిషికే చెప్పడానికి అంతకాలం పట్టిందంటే, మీరు అక్కకు ఇంకా చెప్పలేకపోవడంలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

ఆ ఆలోచన స్వభావం ఒకటి మీరు గమనించాలి. అది కొన్ని రోజులు వదలదని రాశారు. నిజమే, కాని ఆ రోజులన్నీ ఒకే తీవ్రతతో ఉండవు. ఆత్మహత్య ఆలోచనలున్న వారిని ఫోన్ ద్వారా రోజుకు అనేకసార్లు పలకరించి, ఆ క్షణంలో ఎలా ఉందో అడిగి నమోదు చేసిన పరిశోధనలు 2017 నుంచి వచ్చాయి. వాటిలో ఆ ఆలోచన కొన్ని గంటల తేడాలోనే బాగా పెరగడం, బాగా తగ్గడం కనిపించింది. లోపల ఉన్నవారికి మాత్రం అది ఎప్పటికీ ఇలాగే ఉంటుందని అనిపిస్తుంది. మీకు వచ్చినప్పుడు గంటకోసారి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేసి చూసుకోండి. పొద్దున ఎనిమిది ఉన్నది సాయంత్రానికి ఐదు కావడం మీ చేతిరాతలోనే కనిపిస్తే, నేను ఎంత చెప్పినా కలగని నమ్మకం దానివల్ల కలుగుతుంది. రిచర్డ్ సైడెన్ అనే పరిశోధకుడు, ఆత్మహత్యకు సిద్ధపడి చివరి నిమిషంలో ఎవరో ఆపడంవల్ల మిగిలిన 515 మంది తర్వాత ఏమయ్యారో వెతికి 1978లో ప్రచురించాడు. వారిలో నూటికి తొంభై మందికి పైగా ఆ తర్వాత ఆత్మహత్య చేసుకోలేదు. ఆ ఘడియ దాటడానికి ఎవరైనా, ఏదైనా అడ్డుపడితే, మనిషి ఆ తర్వాత కూడా బతకగలడని దీనివల్ల తెలుస్తోంది. మనం చేయవలసిన ఏర్పాటంతా ఆ అడ్డు గురించే.

ఆ ఏర్పాటును ముందుగానే ఒక కాగితం మీద రాసుకోవడానికి వైద్యులు సేఫ్టీ ప్లాన్ (రక్షణ ప్రణాళిక) అని పేరు పెట్టారు. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు. ఆత్మహత్య ప్రమాదంతో అత్యవసర విభాగానికి వచ్చినవారితో కూర్చుని ఈ కాగితం రాయించి, ఇంటికి వెళ్లాక ఫోన్‌లో పలకరిస్తూ ఉంటే, ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రయత్నాలు, అందుకు సంబంధించిన చేష్టలు దాదాపు 45 శాతం తగ్గాయని 2018లో వెలువడిన వారి అధ్యయనం చెబుతోంది. రాసుకోవడానికి అరగంటో ముప్పావుగంటో పట్టే ఒక కాగితం, ఆ ఫోన్ పలకరింపులు కలిసి చేసిన పని ఇది.

అది ఎలా ఉంటుందో చెప్పడానికి, నా దగ్గరికి చాలాకాలం వచ్చిన ఒకరి కాగితం గురించి, ఆయన అనుమతితోనే, ఆనవాళ్లు లేకుండా చెబుతాను. ఎనిమిది మడతలు పెట్టి ఫోన్ కవరు లోపల దాచుకునేవారు. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించారు. దాని మీద మొదట రాసి ఉన్నవి మూడు గుర్తులు. ‘వచ్చిన మెసేజీ చదివి కూడా జవాబు ఇవ్వకపోవడం. వరసగా రెండు రాత్రులు మూడింటికి మెలకువ రావడం. స్నానం వాయిదా వేయడం.’ చావు అన్న మాటే అందులో లేదు. ఆ ఆలోచన రావడానికి మూడు నాలుగు రోజుల ముందు తనలో ఏం మారుతుందో ఆయన వెనక్కి తిరిగి చూసుకుని పట్టుకున్నవి అవి. ‘మనసు బాగోలేకపోవడం’ అని రాసి ఉంటే ఎందుకూ పనికొచ్చేది కాదు.

ఆ కింద, తనంతట తాను చేయగలిగినవి. మొదట ‘ధ్యానం’ అని ఉండేది, కొట్టేశారు. ఆ స్థితిలో కళ్లు మూసుకుంటే భయం ఇంకా పెరుగుతోందని రెండోసారి తెలిసింది. ‘పుస్తకం చదవడం’ కూడా కొట్టేశారు, ఎందుకంటే అక్షరాలు కనిపిస్తున్నా అర్థం మనసుకు ఎక్కేది కాదు. చివరికి నిలిచింది ఒక్కటే: ‘చన్నీళ్లతో మొహం కడుక్కుని, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి గేటు దాకా వెళ్లి రావాలి.’ చూడడానికి ఇంతేనా అనిపించే పని. కాని ఆయన ఆ కొట్టివేతలన్నీ చేసి చేసి తేల్చుకున్న పని అది, ఇంకొకరి కాగితంలోకి ఎత్తి రాస్తే పనిచేయకపోవచ్చు. తర్వాత రెండు పేర్లు. ఒక పేరు పక్కన ‘ఇతనితో జబ్బు మాట ఎత్తనక్కర్లేదు’ అనీ, ఇంకో పేరు పక్కన ‘ఈమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి’ అనీ ఉంది. ఈ తేడా చాలా ముఖ్యం. ఒకరు ధ్యాస మళ్లించడానికి, ఇంకొకరు సాయం అడగడానికి. ఆ కింద డాక్టరు నంబరు, అత్యవసర నంబరు, ఆస్పత్రి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరి భాగం. అందులో ఆ ఘడియలో చేతికి అందితే ప్రమాదమని తనకు మాత్రమే తెలిసిన వస్తువుల సంగతి ఉంటుంది. అవేమిటో మీరు నాకు చెప్పనక్కర్లేదు, మీ డాక్టరుకూ అక్కకూ చెబితే చాలు. వాటిని బాగున్న రోజునే మీ దగ్గరనుంచి తీయించి వేరొకరి సంరక్షణలో పెట్టించాలి. మీ మందులను కూడా వారానికి సరిపడా మాత్రమే మీ దగ్గర ఉంచి, మిగతావి అక్క దగ్గర ఉంచమనండి. ఇందులో అవమానమేమీ లేదు. తీవ్రత పెరిగి తగ్గే ఆలోచన విషయంలో, దూరం అనేది కాలాన్ని ఇస్తుంది, ఆ కాలంలోనే తీవ్రత దిగుతుంది. నా అనుభవంలో చాలామంది కాగితమంతా శ్రద్ధగా రాసి ఈ ఒక్క భాగం దగ్గర ‘ఇది నాకు అవసరం లేదండీ’ అంటారు. దయచేసి మీరు అలా అనకండి.

దీనితోపాటు ఇంకొక చిన్న సాధన చెబుతాను. మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ అనే మనస్తత్వవేత్తలు ఆత్మహత్యాప్రయత్నం నుంచి బయటపడినవారి జ్ఞాపకాలను పరిశీలించి 1986లో ఒక సంగతి ప్రకటించారు. సంతోషం అనే పదం ఇచ్చి ఏదైనా ఒక సంఘటన చెప్పమంటే, వారు ‘చిన్నప్పుడు బాగానే ఉండేది’ వంటి మాటలు చెప్పేవారే తప్ప, ఒక ఫలానా రోజున ఫలానా చోట జరిగినదాన్ని పట్టుకోలేకపోయారు. గతం అలా కలగాపులగంగా, ఒకే రంగుగా మారిపోయినప్పుడు, ఇంతకుముందు ఇలాంటి కష్టం ఎలా దాటానన్నది కూడా అందులోంచి తీయలేం. అందుకని బాగున్న కాలంలో రోజుకో సంఘటన రాసిపెట్టండి. ‘ఈ రోజు బాగుంది’ అని రాయకండి. ఎవరు, ఎక్కడ, ఏం అన్నారు, మీ చేతిలో అప్పుడు ఏం ఉంది, అంతవరకే. కిందటిసారి ఆ ఆలోచన వచ్చి వెళ్లిపోయిన రోజు ఉంది కదా, ఆ మర్నాడు పొద్దున మీరు చేసిన మొదటి పని ఏమిటో గుర్తుంటే ముందు అది రాయండి. తర్వాతిసారి మీకు అన్నిటికన్నా అవసరపడే పేజీ అదే కావచ్చు.

మందుల గురించి మీ డాక్టరు చెప్పేదే ఆఖరి మాట. నేను చెప్పేది ఆయనను అడగవలసిన సంగతులు మాత్రమే. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఈ ఆలోచన వస్తోందని ఆయనకు తెలుసా? మీ ఉత్తరం చూస్తే తెలియదనే అనిపిస్తోంది. తెలిస్తే మందుల ఎంపికే మారవచ్చు. ఉన్మాద (అతి ఉద్రేక) లక్షణాలను లిథియం అనే మందు తగ్గిస్తుందని జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా సైకియాట్రిస్టు 1949లో ప్రకటించాడు. ఆ పాత మందు మూడ్ జబ్బులున్నవారిలో ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించగలదని తర్వాతి అధ్యయనాలు చాలావరకు సూచించాయి. ఎవరికి సరిపడుతుందన్నది రక్తపరీక్షలూ, మూత్రపిండాలు, థైరాయిడ్ పరిస్థితీ చూసి వైద్యుడే నిర్ణయించాలి. ఏ మందునైనా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. లిథియంను హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. కొత్త మందు మొదలుపెట్టాకో డోసు మార్చాకో ఒకచోట నిలవలేనంత అశాంతి, కాళ్లు ఆడించకుండా ఉండలేకపోవడం వస్తే, అది జబ్బేమోనని ఊరుకోకుండా అదే రోజు ఫోన్ చేయండి. అది మందు వల్ల వచ్చిన ఇబ్బంది కావచ్చు, దానికి చికిత్స ఉంది. బైపోలార్ ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండవలసింది మనసు దిగులుగా ఉండగానే ఒంట్లో ఉరుకులాట, ఆలోచనల్లో వేగం పెరిగే మిశ్రమ దశలో. నిద్ర తగ్గుతోందంటే కూడా చెప్పాలి. అర్ధరాత్రి దాటాక మెలకువగా ఉండే గంటలు ఇటువంటి ఆలోచనలకు చెడ్డ గంటలు, కాబట్టి నిద్రకు వైద్యం చేయించుకోవడాన్ని చిన్న విషయంగా చూడకండి.

ఇప్పుడు అక్క సంగతి. ‘భారమయ్యాను’ అన్న నమ్మకాన్ని ఆత్మహత్య ఆలోచనకు మూలాల్లో ఒకటిగా థామస్ జాయినర్ అనే మనస్తత్వవేత్త గుర్తించాడు. ఆయన సిద్ధాంతంలో కీలకమైన సంగతి, అది మనిషికి అలా అనిపించడం మాత్రమేనన్నది. అనిపించడం వేరు, నిజం వేరు. మీరు భారమా కాదా అన్నది అక్కను అడగకుండా ఆమె తరఫున మీరే తేల్చేశారు. చెబితే కుంగిపోతుందన్నదీ మీరే తేల్చారు. కొంత భయపడుతుంది, అది సహజం. కాని తెలియకుండా ఉన్నప్పుడు ఆమె మీకు చేయగలిగింది ఏమీ లేదు, తెలిస్తే ఉంది. ఆలోచన లేని మంచి రోజు చూసుకుని, ‘అక్కా, నీకో మాట చెప్పాలి. ఇప్పుడు బాగానే ఉన్నాను, భయపడకు. ఏడాదిలో కొన్నిసార్లు నాకు చచ్చిపోవాలనిపిస్తుంది. అలా వచ్చినప్పుడు నువ్వు ఏం చేయాలో ఈ కాగితంలో రాశాను, అంతకన్నా ఏమీ చేయనక్కర్లేదు’ అని మొదలుపెట్టండి. ఏం చేయాలో తెలియకపోవడమే ఇంట్లోవాళ్లను ఎక్కువగా భయపెడుతుంది, మీ కాగితం ఆ భయాన్ని కొంత తీస్తుంది.

మీ అక్కగారు కూడా ఇది చదివితే ఆమెకు రెండు మాటలు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుడుతుందనే భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. అడిగితే చాలామందికి ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. ‘నీకేం తక్కువ?’ అనే మాట మాత్రం ఎంత ప్రేమతో అన్నా అనవద్దు. తక్కువేమీ లేకపోయినా ఇలా ఉందే అన్నదే ఆయన బాధ. ఇంకొకటి, ఎక్కువ మాట్లాడనవసరం లేదు. జెరోమ్ మోటో అనే సైకియాట్రిస్టు, ఆస్పత్రి నుంచి వెళ్లాక వైద్యం వద్దన్న 843 మందిలో కొందరికి, మీరు గుర్తున్నారు, బాగుండాలని కోరుకుంటున్నాం అనే అర్థంలో చిన్న చిన్న ఉత్తరాలు ఐదేళ్లపాటు పంపించాడు. వాటిలో సలహా లేదు, రమ్మనడం లేదు. ఉత్తరాలు అందినవారిలో ఆత్మహత్యలు, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, అందనివారికన్నా తక్కువగా ఉన్నాయి. పక్క గదిలోనే ఉన్న తమ్ముడికి అటువంటి ఒక్క వాక్యం మెసేజీ పంపడం మీకు కష్టం కాదు.

‘జీవితాంతం ఇంతేనా?’ అన్నదానికి తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. బైపోలార్ డిజార్డర్‌కు చాలామందికి దీర్ఘకాలం చికిత్స అవసరమవుతుంది. ఆ ఆలోచన మళ్లీ ఎప్పుడూ రాదని నేను మీకు మాట ఇవ్వలేను. కాని సరైన మందు, నిద్ర, కౌన్సెలింగ్ కుదిరినప్పుడు అది వచ్చే విరామాలు పెరగడం, వచ్చినా త్వరగా పోవడం నేను చూశాను. దానికన్నా ఎక్కువగా చూసింది, ఆలోచనకూ మనిషికీ మధ్య ఎడం ఏర్పడడం. ‘నేను చావాలి’ అనుకునే మనిషి కొన్నేళ్ల తర్వాత ‘మళ్లీ ఆ ఆలోచన వచ్చింది, కిందటిసారిలాగే మంగళవారం దాకా ఉండేలా ఉంది’ అనగలుగుతాడు. ఆ రెండో మాట అనేటప్పుడు కూడా బాధ ఉంటుంది, కాని ఆ బాధలోనే ఆయన కాగితం తీసి రెండో పేరుకు ఫోన్ చేయగలుగుతాడు. మీరు అడిగిన మనోధైర్యానికి నాకు తెలిసిన రూపం ఇదే.

మీ తర్వాతి అపాయింట్‌మెంటు నెలల దూరంలో ఉంటే ముందుకు జరపమని అడగండి. గదిలోకి వెళ్లగానే ‘బాగానే ఉన్నానండీ’ అనేసే అలవాటు మీకు ఉందేమోనని నా అనుమానం, పన్నెండేళ్లుగా ఒకే డాక్టరును చూస్తున్నవారికి అది తెలియకుండానే అలవాటవుతుంది. అందుకని మాటలు వెతుక్కోవద్దు. నాకు రాసిన ఈ ఉత్తరాన్నే ఒక కాపీ తీసి ఆయన చేతిలో పెట్టండి. పిరికివాడినేమో అన్న వాక్యాన్ని అందులోంచి కొట్టేయవద్దు. ఆయనకు తెలియవలసిన వాటిలో అదీ ఒకటి.